మా కారుకు ప్లాస్టిక్ ఆర్మ్‌లే ఎందుకు వేశాను

దయాల్‌బంద్‌లో మేముండే సందులో సాయంత్రం అయిదున్నరకి రిమోట్ కార్లు బయటికొస్తాయి. రైల్వే క్వార్టర్ ఇంకా అలాట్ కాలేదు కాబట్టి మేము ఇక్కడ అద్దెకుంటున్నాం. కొత్తగా ఎవరైనా కారు తెస్తే మొదట అడిగే ప్రశ్న దాని వేగం గురించి కాదు, బ్యాటరీ గురించి కాదు. "మెటల్ పార్ట్స్ వేయించావా?" అని. హిందీలోనే అడుగుతారనుకోండి. వేయించానంటే ఒక చూపు, లేదంటే ఇంకో చూపు. ప్లాస్టిక్ అంటే బొమ్మ, అల్యూమినియం అంటే అసలు కారు అని ఇక్కడందరి లెక్క.

రెండు నెలల క్రితం దాకా నా లెక్కా అదే. ఇప్పుడు కాదు. వీధిలో, మైదానంలో, గుంతల మీద వేగంగా తిప్పే కారుకి నాలుగు సస్పెన్షన్ ఆర్మ్‌లూ ప్లాస్టిక్‌వే ఉండాలని నా అభిప్రాయం. అందులోనూ మూడేళ్లకోసారి సామాను కట్టే మనలాంటి ఇళ్లలో అయితే తప్పకుండా. అల్యూమినియం పనికిరాదని అనడం లేదు. అది వేయాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించీ చెప్తాను.

మాది 1/14 సైజు కారు. నాలుగు చక్రాలూ తిరుగుతాయి. గోందియాలో ఉన్నప్పుడు కొన్నది. కొన్న మూడో నెలలో గేటు స్తంభానికి తగిలి ముందు ఎడమ ఆర్మ్ విరిగింది. ఆర్మ్ అంటే తెలియని వాళ్ల కోసం: చక్రానికీ కారు మధ్య భాగానికీ నడుమ పక్షి రెక్కలా అడ్డంగా ఉండే ముక్క అది. లోపలి చివర సన్నటి ఇనప పిన్ను మీద తలుపు బందులా పైకీ కిందికీ ఆడుతుంది. గుంత వచ్చినా, గోడ వచ్చినా దెబ్బ మొదట తగిలేది దానికే.

విరిగినందుకు నాకు ప్లాస్టిక్ మీద కోపం వచ్చింది. సంక్రాంతికి పార్వతీపురంలో అమ్మమ్మ ఇచ్చిన డబ్బులు, తమ్ముడి వాటాతో సహా, మొత్తం పెట్టి నీలం రంగు అల్యూమినియం ఆర్మ్‌ల సెట్టు ఆర్డర్ చేశాను. పదహారు వందల యాభై. అదే ప్లాస్టిక్‌వి జత నూట ఎనభైకి వస్తాయి. అవి చూడను కూడా చూడలేదు.

ఆర్డర్ చేసిన వారానికి నాన్నగారికి బిలాస్‌పూర్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. తర్వాతి కథ మీకు చెప్పక్కర్లేదు. మేము ఇక్కడికి వచ్చేశాం, పార్సెల్ గోందియా క్వార్టర్‌కి వెళ్లింది. పక్కింటి ఆంటీ తీసి దాచారు. నాన్నగారి స్నేహితుడొకాయన డ్యూటీ మీద ఇటు వస్తూ తెచ్చిచ్చారు. అప్పటికి ఏడు వారాలు. ఏడు వారాలూ కారు సామాన్ల అట్టపెట్టెలోనే ఉంది.

బిగించాక చూడాలి మరి! సందులో అందరూ వంగి వంగి చూశారు. ఒక నెల నేను కారు నడిపినంతసేపు రోడ్డు చూడలేదు, ఆ నీలం రంగే చూశాను.

తర్వాతొక ఆదివారం తమ్ముడు నడుపుతున్నాడు. ఆరో తరగతి వాడు. బాగానే నడుపుతాడు, కానీ బ్రేకు ఆలస్యంగా వేస్తాడు. కారు వెళ్లి కాలువ మీది సిమెంటు అంచుకి గట్టిగా తగిలింది. ఎత్తి చూస్తే ఆర్మ్ విరగలేదు. "చూశావా, మెటల్!" అని పక్కవాడన్నాడు కూడా. నేల మీద పెట్టి నడిపితే కారు కదల్లేదు, లోపల కరకరమని చప్పుడు. విప్పి చూశాం. ఆర్మ్ ఆడే పిన్ను వంగిపోయింది. ఆ పిన్నును పట్టుకునే గేర్‌బాక్స్ పెట్టె నిలువునా చీలింది. లోపలి గేర్లు రెండు పళ్లు పోగొట్టుకున్నాయి. ఆర్మ్‌ని బల్ల మీద పెట్టి చూస్తే అదీ తిన్నగా లేదు, ఒక చివర వెంట్రుక మందాన పైకి లేచింది. వంచి సరిచేద్దామంటే కుదిరే పని కాదు.

నేను తమ్ముణ్ని తిట్టాను. మామూలుగా కాదు, సందులో అందరి ముందూ. నీకు చేతకాదు, ఇంకెప్పుడూ రిమోట్ ముట్టుకోకు అన్నాను. వాడు ఏమీ అనలేదు. రిమోట్ తీసుకెళ్లి బీరువా పైన పెట్టి పుస్తకం తెరిచి కూర్చున్నాడు. మూడు వారాలు కారు మాటే ఎత్తలేదు. అందులో వాడి డబ్బులు కూడా ఉన్నాయని నాకు ఆ రోజు గుర్తు రాలేదు.

నాన్నగారు క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో పని చేస్తారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ముక్కలన్నీ పేపర్ మీద పరిచి ఉండటం చూసి, చెప్పులు విప్పకుండానే కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నారు.

"ఈ ఆర్మ్ ఎవరు వేయమన్నారమ్మా?" అన్నారు.

"నేనే వేశాను నాన్నా. పాతది విరిగిపోయిందని గట్టిది వేశాను."

"పాతది విరిగినప్పుడు ఇంకేమైనా పోయిందా?"

ఆలోచిస్తే, ఏమీ పోలేదు. ఒక్క ఆర్మ్ పోయిందంతే.

అప్పుడు ఆయన కప్లర్ గురించి చెప్పారు. గూడ్స్ బండిలో రెండు వ్యాగన్లు ఒకదాన్నొకటి పట్టుకునే చోట, మడిచిన చెయ్యిలా ఒక ఉక్కు ముక్క ఉంటుంది. దాన్ని నకిల్ అంటారు. స్టేషన్‌లో ఎప్పుడైనా బొగ్గు బండి ఆగితే చూడండి, కనిపిస్తుంది. వేల టన్నుల బండి లాగేటప్పుడు డ్రైవరు ఒక్కసారిగా జెర్క్ ఇస్తే ఎక్కడో ఒకచోట తెగాలి. ఆ తెగేది నకిలే అయ్యేలా దాన్ని తయారు చేస్తారు. కప్లర్ మిగతా భాగం కంటే దాని బలం కావాలనే తక్కువ ఉంచుతారు. ఎందుకంటే పిన్ను తీస్తే నకిల్ ఊడి వస్తుంది, దారిలోనే ఇంకోటి వేసి బండి పంపేయొచ్చు. కప్లర్ మొత్తం ఊడినా, వ్యాగన్ అడుగున ఉండే ఫ్రేమ్ చిరిగినా ఆ వ్యాగన్ వర్క్‌షాప్‌కే.

"నువ్వు చేసిందేమిటంటే," అన్నారు నాన్నగారు, "నకిల్‌ని ఫ్రేమ్ కంటే గట్టిగా చేశావు."

తమ్ముడు పక్క గదిలో ఉన్నాడు. విన్నాడో లేదో నాకు తెలీదు.

ఆ వారం నేను పదకొండో తరగతి ఫిజిక్స్ పుస్తకంలో మెకానికల్ ప్రాపర్టీస్ ఆఫ్ సాలిడ్స్ పాఠం మళ్లీ తీశాను. పరీక్ష కోసం కాదు, మొదటిసారి అవసరం కోసం. ఒక వస్తువును లాగితేనో వంచితేనో, వదలగానే పాత ఆకారానికి వస్తే అది ఎలాస్టిక్. ఒక హద్దు దాటి వంచితే తిరిగి రాదు, వంగినట్టే ఉండిపోతుంది. దాన్ని పుస్తకం ప్లాస్టిక్ అంటుంది. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. మా ప్లాస్టిక్ ఆర్మ్ చేత్తో వంచితే వంగి టక్కున వెనక్కి వస్తుంది, అంటే పుస్తకం ప్రకారం ఎలాస్టిక్‌గా ఉంది. అల్యూమినియం ఆర్మ్ వంగి అలాగే ఉండిపోయింది, అంటే ప్లాస్టిక్‌గా ప్రవర్తించింది. పేర్లు తారుమారు.

యంగ్స్ మాడ్యులస్ అల్యూమినియంకి సుమారు 70 గిగాపాస్కల్. కార్ల ఆర్మ్‌లు చేసే నైలాన్‌కి, గాజు పోగులు కలపకపోతే, రెండు మూడు మాత్రమే. అంటే అదే బలానికి నైలాన్ ఇరవై రెట్లకు పైగా ఎక్కువ సాగుతుంది, వంగుతుంది. మనం దీన్ని బలహీనత అనుకుంటాం. కానీ క్రికెట్‌లో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం కదా. బంతి ఆగడానికి పట్టే సమయం పెరుగుతుంది, చేతికి తగిలే బలం తగ్గుతుంది. నైలాన్ ఆర్మ్ వంగుతూ చేసేది అదే. అల్యూమినియం ఆర్మ్ చేతులు చాచి బిగించి నిలబడ్డ ఫీల్డర్ లాంటిది. బంతి దెబ్బ అరచేతిలో ఆగకుండా భుజం దాకా వెళ్తుంది. మా కారులో ఆ భుజం పేరు గేర్‌బాక్స్.

ఇక బరువు సంగతి. "అల్యూమినియం తేలిక కదా" అని అందరూ అంటారు. దేనికంటే తేలిక? ఒక ఘనపు సెంటీమీటర్ ఉక్కు 7.8 గ్రాములుంటే అల్యూమినియం 2.7 గ్రాములు. సరే, తేలికే. కానీ మన కారులో అల్యూమినియం వచ్చి కూర్చునేది ఉక్కు స్థానంలో కాదు, నైలాన్ స్థానంలో. నైలాన్ సుమారు 1.15 గ్రాములు. అంటే అదే ఆకారంలో ఆర్మ్ బరువు రెట్టింపు దాటింది. ఆ బరువంతా స్ప్రింగుకి అవతల, చక్రం పక్కన చేరుతుంది. గుంతల మీద చక్రం పైకి లేచి మళ్లీ నేలనంటడం ఆలస్యమవుతుంది. నెల రోజులు మా కారు ఎందుకు ఎగిరెగిరి పడిందో నాకు అప్పుడు అర్థమైంది. రంగు చూస్తూ గమనించలేదు.

మన ఊరికే సంబంధించిన ఒక ఉదాహరణ ఉంది. దేశంలో మొట్టమొదటి అల్యూమినియం గూడ్స్ రేక్‌ని 2022 అక్టోబర్ 16న భువనేశ్వర్‌లో ప్రారంభించారు. 61 వ్యాగన్లు. ఆ రేక్‌ని పంపింది మన బిలాస్‌పూర్‌కే. అడుగున తలుపులు తెరిస్తే బొగ్గు కిందికి జారిపోయే రకం అవి. మామూలు ఉక్కు రేక్ కంటే ఇది 180 టన్నులు తేలికని, ఆ మేరకు బొగ్గు ఎక్కువ నింపొచ్చని, తయారీ ఖర్చు మాత్రం 35 శాతం ఎక్కువని అప్పుడు రైల్వే చెప్పింది. సందులో నా వాదన విన్న ఒకబ్బాయి, వాళ్ల నాన్నగారిదీ రైల్వేనే, వెంటనే ఈ రేక్ సంగతి తీశాడు. "రైల్వేనే అల్యూమినియంకి మారుతుంటే నువ్వు ప్లాస్టిక్కి వెళ్తావా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఒక రోజు పట్టింది నాకు జవాబు దొరకడానికి.

జవాబు ఏమిటంటే, ఆ రేక్‌లో అల్యూమినియం చేసింది పైన బొగ్గు నింపే పెట్టెను. దాని కింది చక్రాలు ఉక్కువే, కప్లర్లూ ఉక్కువే. పెట్టె పని బొగ్గు మోయడం. అది ఎంత తేలికైతే అంత లాభం. దెబ్బలు తినడం దాని పని కాదు. లాగుడూ జెర్కూ భరించే చోట పాత పద్ధతే ఉంచారు. పైగా అక్కడ అల్యూమినియం వచ్చింది తనకంటే మూడు రెట్లు బరువైన దాని స్థానంలోకి. రైల్వే "మెటల్ వేశావా" అని అడగలేదు. ఎక్కడ, దేని బదులు, అని అడిగింది. నేనడగాల్సిందీ అదే.

అలా అడిగితే మన చిన్న కారులో కూడా అల్యూమినియం వేయాల్సిన చోట్లు దొరుకుతాయి. మొదటిది మోటార్ మౌంట్. మోటార్ వేడెక్కుతుంది. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దగ్గరికి వచ్చినప్పుడు పది నిమిషాలకే మోటార్ మీద వేలు పెట్టలేం. ప్లాస్టిక్ వేడిని దాదాపుగా పోనివ్వదు. అల్యూమినియం లాగేసి బయటికి వదులుతుంది. ప్లాస్టిక్ మౌంట్ వేడికి కాస్త మెత్తబడినా మోటార్ పక్కకి జరిగి గేర్లు అరిగిపోతాయి. కాబట్టి అక్కడ డబ్బు పెట్టడం దండగ కాదు. రెండోది చక్రం వెనక ఉండే ఆరు మూలల చిన్న బిళ్ల, హెక్స్ అంటాం. ప్లాస్టిక్‌ది అయితే మూలలు అరిగి గుండ్రమై చక్రం ఊరికే తిరుగుతుంది. అల్యూమినియం హెక్స్ గింజంత ఉంటుంది, బరువు లెక్కలోకి రాదు. షాక్ అబ్జార్బర్ మూతలు కూడా అంతే. ప్లాస్టిక్ మూత మర రెండు మూడు సార్లు విప్పేసరికి పోయి నూనె కారుతుంది. ఈ మూడు చోట్లా దెబ్బ తగలదు. వేడి, తిప్పుడు, మర, వీటితోనే పని.

రాళ్లెక్కే కార్లు నడిపేవాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు. వాళ్ల కార్లు చీమల్లా నడుస్తాయి, గోడకి తగిలినా ఏమీ కాదు. కింద బరువుంటే బోల్తా పడవు కాబట్టి వాళ్లు కావాలనే లోహం వేస్తారు. వాళ్ల విషయంలో వాళ్లదే రైటు.

పర్యావరణం మాట తెచ్చిన వాళ్లూ ఉన్నారు. విరిగిన ప్లాస్టిక్ ఆర్మ్ చెత్తలోకి పోతుంది, అల్యూమినియం కరిగిస్తే మళ్లీ వాడొచ్చు. నిజమే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాకపోతే కిలో కొత్త అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. కోర్బాలో బాల్కో ఫ్యాక్టరీ పక్కన అన్ని పవర్ హౌసులు ఎందుకున్నాయో ఆలోచించండి. పైగా మా వంగిన ఆర్మ్‌ని కరిగించడానికి ఎవరూ ఇంటికి రాలేదు. అది ఇప్పటికీ నా డ్రాయర్‌లోనే ఉంది, దాంతో పాటు చీలిన గేర్‌బాక్స్ పెట్టె, రెండు గేర్లు. ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క విరగాల్సిన చోట ఎన్ని చేరాయో చూడండి.

మనకు మాత్రమే ఉండే ఇంకో లెక్క ఉంది. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఒకే ఇంట్లో పదేళ్లుండే వాళ్లు ఏ పార్టైనా ఆర్డర్ పెట్టి, రిపేరు చేసే దుకాణం ఎక్కడో కనుక్కుని, నిదానంగా చూసుకోవచ్చు. మన కారుకి ఈ ఏడాది ఏ ఊరో, వచ్చే ఏడాది ఏ ఊరో మనకే తెలీదు. గోందియాలో పార్టులు దొరికే దుకాణం నాకు తెలిసేసరికి మేము అక్కడ లేము. ఇక్కడ గోల్‌బజార్‌లో వెతికాను, బొమ్మలు దొరికాయి కానీ పార్టులు దొరకలేదు. పార్సెల్ వచ్చేలోగా అడ్రస్ మారిపోవచ్చు. అలాంటప్పుడు కారులో ఏది పోయినా నా డబ్బాలో ముందే ఉండేదై ఉండాలి, స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలాలి, ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. నాలుగు జతల నైలాన్ ఆర్మ్‌లు జామెట్రీ బాక్స్‌లో పడతాయి. గేర్‌బాక్స్ జామెట్రీ బాక్స్‌లో పెట్టుకుని ఏ ఊరెళ్తాం?

అయితే ప్లాస్టిక్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. కొన్ని చవక ఆర్మ్‌లు ఏబీఎస్‌తో చేస్తారు. అవి గట్టిగా ఉంటాయి కానీ వంగే గుణం తక్కువ, దెబ్బకి పగులుతాయి. కొనేటప్పుడు నైలాన్ అని రాసి ఉందో లేదో చూడండి. నైలాన్‌కి ఒక వింత గుణం ఉంది, అది నీళ్లు పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు పెళుసుగా ఉండి, కాస్త నీరు పట్టాక సాగే గుణం పెరుగుతుంది. అందుకని కొత్త ఆర్మ్‌లని మరిగే నీళ్లలో పావుగంట ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి వాడతారు. చలికాలం డిసెంబర్‌లో, గాలి పొడిగా ఉన్నప్పుడు, తేడా బాగా తెలుస్తుంది. పెద్దవాళ్లు పక్కనుండగా చేయండి, పాత గిన్నె వాడండి. నేను అమ్మనడక్కుండా పాలగిన్నె తీశాను. తర్వాత జరిగింది ఈ పత్రికలో రాయదగ్గది కాదు.

ఈసారి డబ్బులు నావే. పుట్టినరోజువి. గేర్‌బాక్స్ పెట్టె, గేర్లు, నాలుగు జతల నైలాన్ ఆర్మ్‌లు తెప్పించాను. అడ్రస్ దయాల్‌బంద్‌దే ఇచ్చాను, ట్రాన్స్‌ఫర్ ఏమీ లేదు కదా అని నాన్నగారిని రెండుసార్లు అడిగాక. కారు బిగించి బీరువా మీది రిమోట్ దించి తమ్ముడికిచ్చాను. ఆ రోజు విరగాల్సింది విరగలేదు, తప్పు నువ్వు నడపడంలో కంటే నేను వేసిన పార్టులో ఎక్కువుంది అని చెప్పాను. ఇంగ్లీషులో సారీ చెప్పడం తేలిక, తెలుగులో చెప్పడానికి కాస్త టైం పట్టింది.

"మళ్లీ గుద్దితే అక్కా?" అన్నాడు.

"గుద్దు. నాలుగు జతలున్నాయి."

మొన్న ఆదివారం గుద్దాడు. కాలువ అంచు కాదు, ఈసారి గురుద్వారా వైపు మలుపులో ఒక స్కూటర్ స్టాండు. ముందు కుడి ఆర్మ్ రెండు ముక్కలైంది. పిన్ను తిన్నగానే ఉంది, గేర్‌బాక్స్‌కి గీత కూడా పడలేదు. నన్ను పిలవకుండా వాడే మెట్ల మీద కూర్చుని నాలుగు స్క్రూలు విప్పి, కొత్తది వేసి, ఒక స్క్రూ మిగిల్చాడు. అది ఎక్కడిదో ఇద్దరం ఇంకా వెతుకుతున్నాం.